‘పొక్కల ఆపరేషన్’ అంటే తప్పా?

మొన్న హన్మకొండల మా అక్క కొడుక్కు అపెండిక్స్ తీసిన్రు. చూడొచ్చిన మా పరకాల చిన్నమ్మకు "లాప్రోస్కోపీ చేసిన్రు" అని చెప్పిన. "పెండ్లిగాని పోరనికి గా ఆపరేషన్ ఏందిరా!" అని నెత్తి కొట్టుకున్నది. ఆమె ఆ మాట విన్నది కుటుంబ నియంత్రణ క్యాంపులల్లనే మరి. వాడు అంగీ లేపి చూపించిండు. బొడ్డుకాడ ఒకటి, పొత్తికడుపు మీద రెండు ప్లాస్టర్ ముక్కలు. "గట్ల చెప్పు, పొక్కలు చేసి తీసిన్రన్నట్టు" అన్నది.

పేపర్లల్ల ‘కీహోల్ సర్జరీ’ అని రాస్తరు. తాళంచెవికీ మన కడుపుకూ ఏం సంబంధం? ఎలుక పొక్క, ఎండ్రికాయ పొక్క అంటం. మూతి చిన్నది, లోపల జాగా ఉన్నది అని ఒక్క మాటల తెలుస్తది. ఈ ఆపరేషన్ల అయ్యేది గదే. బొడ్డుకాడి పొక్కల నుంచి కార్బన్ డయాక్సైడ్ నింపితే పొట్ట ఉబ్బి లోపల జాగా అయితది. కెమెరా అండ్లకెళ్లే పోతది. పనిముట్లకు 5 మిల్లీమీటర్ల పొక్క చాలు. మీరేమంటరు?

— అన్నా, మా కోస్తాలో పొక్కు అంటే బొబ్బ. శీర్షిక చూసి చర్మవ్యాధి అనుకున్నాను.

— గ్రీకులో ‘లపర’ అంటే డొక్క. ‘డొక్కచూపు’ అందామా? డొక్కశుద్ధి ఉన్నవాళ్లు కొడతారేమో!

— మా దగ్గర ఈ రోగం పేరే ‘24 గంటల నొప్పి’. ఆ లెక్క ఎవరు పెట్టిన్రు?

— నేను నర్సును. 24 గంటలల్ల కొయ్యకుంటే పగులుతదని జనం మాట. గడియారం చూసుకొని ఏం పగలదు, అట్లని ఆగొద్దు. మామూలుగ నొప్పి బొడ్డు చుట్టు మొదలైతది, ఒక దినంలోపే కుడిదిక్కు కిందికి దిగుతది. మెక్‌బర్నీ అనే అమెరికా డాక్టరు 1889లో చెప్పిన చోటు అదే. ఇంకో ముచ్చట, మీ చిన్నమ్మను నవ్వకున్రి. లాప్రోస్కోపీతోని అపెండిక్స్ మొదట తీసింది కుర్ట్ సెమ్, 1980ల, జర్మనీల కీల్ పట్నంల. ఆయన ఆడోళ్ల డాక్టరే.

— మరి హైదరాబాద్‌లో డాక్టర్లు నాగేశ్వర్ రెడ్డి, జి.వి. రావు గార్లు నోటి గుండా ఎండోస్కోప్ (కెమెరా ఉన్న సన్న గొట్టం) పంపి, జీర్ణాశయం గోడకు రంధ్రం చేసి అపెండిక్స్ తీశారు కదా. పైన గాటే లేదు. దాన్నేమంటారు?

చిన్నమ్మను అడిగిన సార్. "పొక్క పొక్కనే, లోపటుంటేంది" అన్నది.