లో-ఇ అద్దం తిరగేసి బిగించారా? ఎలా తేల్చుకోవాలి?

నమస్కారం అండీ. మాది విజయవాడ, హాలు పడమటి ముఖం. ఎండ తట్టుకోలేక మొన్న డబుల్ గ్లాస్ కిటికీ పెట్టించాం. వెండి పూత ఉన్న లో-ఇ అద్దమని, అంటే పూతతో వేడిని వెనక్కి తిప్పికొట్టే అద్దమని చెప్పారు. అయినా సాయంత్రం నాలుగింటికి లోపలి పలక మీద చెయ్యి పెడితే వేడిగా తగులుతోంది. అమ్మకి బీపీ, ఆ గదిలోనే పడుకుంటుంది. అందుకే ఇంత ఆరాటం.

చీకటి పడ్డాక బయట నిలబడి అద్దం దగ్గర లైటర్ వెలిగించి చూశాను. రెండు పలకలకీ కలిపి నాలుగు ముఖాలు కాబట్టి, అద్దంలో నాలుగు మంటల ప్రతిబింబాలు కనిపించాయి. మూడు ఒకే రంగు, బయటి నుంచి లెక్కేస్తే మూడోది మాత్రం గులాబీ రంగు. రంగు తేడాగా కనిపించే ముఖం మీదే పూత ఉంటుంది. అంటే పూత లోపలి పలక మీద ఉన్నట్టే కదా? మనలాంటి వేడి ఊళ్ళలో అది రెండో ముఖం మీద, అంటే బయటి పలక లోపలి వైపున ఉండాలి. వెండి పొర మందం పది నానోమీటర్ల చిల్లరే, కంటితో చూసి పోల్చడం నావల్ల కాదు.

నేను సరిగ్గానే లెక్కపెట్టానా? యూనిట్‌ని తిప్పి బిగిస్తే సరిపోతుందా, రెండు పలకల అంచుల్ని మూసి ఉంచే సీలు దెబ్బతింటుందా? పైన సన్ ఫిల్మ్ అంటించమంటున్నారు. వేడికి అద్దం పగులుతుందేమోనని భయంగా ఉంది. ఈ పని చేసినవాళ్ళు దయచేసి చెప్పండి.