కిరాణా వోచర్లు, మీల్ కార్డు బ్యాలెన్సు ఆన్‌లైన్‌లో కొనొచ్చా, అమ్మొచ్చా?

నిజాంపేట ఇల్లాలు:
టెలిగ్రామ్ గ్రూపులో వెయ్యి రూపాయల సూపర్‌మార్కెట్ వోచర్ 930కే ఇస్తున్నారు. ఆఫీసు మీల్ కార్డు (తిండి ఖర్చుకు కంపెనీ డబ్బు వేసే కార్డు) ఉన్నవాళ్లు కూడా మిగిలిన బ్యాలెన్సును ఇలాగే తగ్గించి అమ్ముతున్నారు. మా ఇంట్లో నెల సరుకులు ఎనిమిది వేలు. అన్నీ వోచర్లతో కొంటే ఐదొందల పైనే మిగులుతుంది. మావారేమో "ఎవరి సొమ్మో ఏమో, మనకెందుకు" అంటారు. మీరేమంటారు?

పాయింట్ల పిచ్చోడు:
దొంగ సొమ్మేమీ కాదండీ. కొన్ని క్రెడిట్ కార్డుల సైట్లలో వోచర్ కొంటే మామూలుకంటే ఎక్కువ పాయింట్లు వస్తాయి. వెయ్యి రూపాయల వోచర్ 950కి అమ్మినా ఆ పాయింట్ల వల్ల నాకు గిట్టుబాటే. దీపావళికి కంపెనీలు పంచినవి, గడువు దాటిపోతుందని అమ్మేసేవి కూడా బోలెడు. కొనేవాళ్లకు లాభం, అమ్మేవాళ్లకు లాభం, స్టోరుకు రావాల్సింది స్టోరుకు వస్తుంది. ఇందులో మునిగిపోయేదెవరు?

కౌంటర్ నంబర్ 4:
మీరే మునగొచ్చు బ్రదర్. నేను బ్యాంకులో పనిచేస్తాను. ఎక్కడో ఒకరిని సైబర్ మోసగాళ్లు ముంచుతారు. ఆయన సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇస్తాడు. ఆ డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు వెళ్లిందో వరసగా లాగుతారు. మోసగాడు ఆ డబ్బుతోనే మీ దగ్గర వోచర్ కొని ఉంటే ఆ వరసలో మీ ఖాతా కూడా ఉంటుంది. ఆ మొత్తాన్నో, ఒక్కోసారి ఖాతా మొత్తాన్నో ఆపేస్తారు. జీతం పడుతుంది, తీసుకోలేరు. ఈఎంఐ బౌన్సు అవుతుంది. కేసు వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి పోలీసులకు మీరే సంజాయిషీ రాసుకోవాలి. 950 రూపాయల అమ్మకానికి ఇంత టెన్షన్ అవసరమా?

ఇంకోమాట. బ్యాంకులు, వాలెట్ సంస్థలు ఇచ్చే గిఫ్ట్ వోచర్ల మీద రిజర్వ్ బ్యాంకు 2021 నిబంధనలు ఉన్నాయి. విలువ 10,000 దాటకూడదు, మళ్లీ డబ్బు నింపకూడదు, నగదుగా తిరిగివ్వకూడదు. నగదు రాదు కాబట్టే ఈ చాటు బజారు పుట్టింది. మోసగాళ్లకూ అందుకే ఇష్టం.

పాయింట్ల పిచ్చోడు:
అందుకే గ్రూపులో అడ్మిన్ మధ్యవర్తిగా ఉంటాడు. డబ్బు ఆయన దగ్గర పెట్టి, కోడ్ పనిచేశాకే అమ్మినవాడికి ఇస్తాడు.

కౌంటర్ నంబర్ 4:
ఆ అడ్మిన్ పేరు, ఊరు మీకు తెలుసా? ఆయనే గ్రూపు మూసేసి పోతే? వోచర్ అంటే ఒట్టి నంబరే కదా. ఎవరు ముందు వాడితే వాళ్లది. ఒకే కోడ్‌ను నలుగురికి అమ్మొచ్చు. కౌంటర్ దగ్గర సరుకులన్నీ బిల్లయ్యాక "ఇది వాడేశారు మేడమ్" అంటే అప్పుడు ఏం చేస్తారు?

మోండా మార్కెట్ కొట్టు:
సార్లు పెద్ద పెద్ద విషయాలు మాట్లాడుతున్నారు, నాది చిన్న లెక్క. కాగితం మీల్ కూపన్లు ఉన్నప్పుడు కూడా ఇదే బేరం నడిచేది. కూపన్ ఇచ్చి పప్పులు, నూనె తీసుకునేవాళ్లు. కొందరు కొంచెం తగ్గించుకుని నగదు ఇమ్మనేవాళ్లు. ఏడు శాతం మిగులుతుందన్న అక్క ఒకటి చూసుకోవాలి. ఆ వోచర్ ఆ స్టోరులోనే చెల్లుతుంది. కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి బేగంబజార్‌లో, కూరగాయలు ఎర్రగడ్డ రైతుబజార్‌లో ఏ ధరకున్నాయో ఒకసారి అడిగి రండి. పైగా కొన్ని వోచర్లు ఒకేసారి వాడేయాలి. 860 బిల్లయితే వెయ్యి నింపడానికి బిస్కెట్లు, చిప్సూ బుట్టలో పడతాయి. మిగిలింది అక్కడే పోయింది.

డాలస్ నుంచి:
అమెరికాలో ఇది పాత గొడవ. ఇక్కడ సరుకుల కంపెనీలు పేపర్లలో వేసే కూపన్లను కత్తిరించి ఆన్‌లైన్‌లో అమ్ముతారు. కూపన్ మీదేమో అమ్మినా, ఇంకొకరికి ఇచ్చినా చెల్లదని రాసి ఉంటుంది. అమ్మేవాళ్లు "కూపన్ ఉచితమే, కత్తిరించిన శ్రమకు డబ్బులు" అంటారు! 2021లో వర్జీనియాలో ఒకావిడకు నకిలీ కూపన్ల కేసులో 12 ఏళ్ల జైలు పడింది. నష్టం 3.1 కోట్ల డాలర్ల పైమాటే. ఆవిడ కొనేవాళ్లను పట్టిందీ టెలిగ్రామ్ లాంటి గ్రూపుల్లోనే.

నియమం ప్రకారం:
మీల్ కార్డు సంగతి వేరు. పాత పన్ను నియమంలో పూటకు 50 రూపాయల వరకు మినహాయింపు ఉండేది; రోజుకు రెండు పూటలు, నెలకు 22 పనిరోజులు. కంపెనీలు 2,200 వేస్తూ వచ్చింది ఈ లెక్కతోనే. పన్ను మినహాయింపు ఇచ్చింది ఉద్యోగి తిండికి. కార్డు ఇంకొకరికి ఇవ్వకూడదన్నది షరతు. అమ్ముకుంటే అది తిండి ఎలా అవుతుంది?

పాయింట్ల పిచ్చోడు:
పక్కింటావిడ బిల్లు నా కార్డుతో కడతాను, ఆవిడ నాకు ఫోన్‌పే చేస్తుంది. కొన్నది బియ్యమే. తినేది ఎవరైతేనేం సార్?

నియమం ప్రకారం:
తినేది ఎవరన్నదే కదా షరతు! పక్కింటి వరకు ఎవరూ పట్టించుకోరు, నిజమే. పట్టించుకోనంత మాత్రాన ఒప్పు అయిపోదు.

నిజాంపేట ఇల్లాలు:
టెలిగ్రామ్ గ్రూపులోంచి బయటికొచ్చేశాను. పప్పులు బేగంబజార్ నుంచే తెప్పిస్తాను. మా తోడికోడలికి మీల్ కార్డు ఉంది, తనతో కలిసి వెళ్లి బిల్లు కట్టించుకుంటే ఖాతా గొడవ ఉండదు. నియమం సార్ ఒప్పుకోరని తెలుసు. తగ్గింపు అడగడానికే మొహమాటంగా ఉంది.

పాయింట్ల పిచ్చోడు:
అడగండి మేడమ్. బయటివాళ్లకు ఐదు శాతం, బంధువులకు ఏడు. మా ఇంట్లో అదే రేటు.