నల్గొండలో అమ్మను ఏ ఆశ్రమంలో ఉంచాలి?

డాలస్ నుంచి, కొత్తగా వచ్చిన సభ్యుడు:

అందరికీ నమస్కారం. నేను అమెరికా వచ్చి మూడు నెలలైంది. మాది మునుగోడు దగ్గర పల్లె. అమ్మకు డెబ్బై రెండేళ్లు. రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా సరిగా రాదు. ఇన్నాళ్లూ చూసుకున్న అక్కకు ఈమధ్యే ఆపరేషన్ అయింది, ఇక అమ్మను ఎత్తలేదు. తెలిసినవాళ్లు నల్గొండలో ఒక నర్సింగ్ హోం, మహబూబ్‌నగర్ వైపు ఒక ఆశ్రమం చెప్పారు. ఫోటోల్లో రెండూ బాగున్నాయి. వచ్చే నెల పది రోజులు వెళ్తున్నాను. ఏది మంచిదో ఎలా తేల్చుకోవాలి?

న్యూజెర్సీ నుంచి, మిర్యాలగూడ అక్క:

తమ్ముడూ, నాన్నను రెండేళ్లు అలాంటి చోట ఉంచినదాన్ని కాబట్టి రాస్తున్నాను. కొంచెం పొడవవుతుంది, ఓపికగా చదువు.

ముందు ఆ మాట సంగతి. అమెరికాలో నర్సింగ్ హోం అంటే మంచాన పడ్డ పెద్దవాళ్లు ఏళ్ల తరబడి ఉండే చోటు. మన వైపు ఆ బోర్డు కనిపిస్తే అది కాన్పులు, ఆపరేషన్లు చేసే ప్రైవేటు ఆసుపత్రి. అక్కడ డాక్టరు ఉంటారు, మందులు ఉంటాయి. కానీ తల దువ్వి, అన్నం కలిపి తినిపించే పని వెంట ఉన్న బంధువులదే. ఇక వృద్ధాశ్రమాల్లో చాలావాటికి తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లే కావాలి. అందుకని ఫోను చేయగానే ఈ మాట అడుగు: "లేవలేనివాళ్లు ఇప్పుడు మీ దగ్గర ఎంతమంది ఉన్నారు? రాత్రిపూట వాళ్లను ఎవరు చూస్తారు?" అలాంటివాళ్లు ఒక్కరూ లేరంటే మీ అమ్మతోనే వాళ్లు పని నేర్చుకోవాలి. అక్కడికి వద్దు.

మా నాన్న సంగతి చెబుతాను. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో ఆయనను చూసేదాన్ని. గడ్డం గీసి, ఉతికిన చొక్కా తొడిగి, విభూతి పెట్టి కూర్చోబెట్టేవారు. నాకు అంతా చక్కగానే కనిపించేది. ఏడు నెలల తర్వాత, చెప్పకుండా వెళ్లాను. దుప్పటి తీసి చూస్తే ఎడమ మడమ మీద రూపాయి బిళ్లంత పుండు, నల్లగా. నడుము కింద ఇంకొకటి. నీళ్ల గ్లాసు మంచం పక్కనే ఉంది, కానీ పడిపోయిన చేతి వైపు ఉంది. ఎవరైనా వచ్చి అందిస్తే తప్ప ఆయన తాగలేరు. వేలికి అమ్మ చేయించిన ఉంగరం ఉంది. జారిపోకుండా దానికి లోపల దారం చుట్టి ఉంది. వేలు అంత సన్నబడిందని ఎవరో గమనించారు, ఉంగరాన్ని జాగ్రత్త చేశారు. మనిషి ఎందుకు తగ్గిపోతున్నాడని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ దారం నేను ఇప్పటికీ మరచిపోలేదు.

అందుకే నువ్వు వెళ్లినప్పుడు ఆఫీసు గదిలో కూర్చుని టీ తాగుతూ వివరాలు తీసుకుని తిరిగి రావద్దు. అక్కడ అందరికంటే లేవలేని మనిషి, నోరు విప్పి చెప్పుకోలేని మనిషి ఎవరో కనుక్కుని ఆ మంచం దగ్గర పది నిమిషాలు నిలబడు. ఆ మనిషికి ఎలా జరుగుతోందో రేపు మీ అమ్మకూ అలాగే జరుగుతుంది. పెదవులు ఎండి ఉన్నాయా, గోళ్లు తీశారా, కళ్లద్దాలు తుడిచి ఉన్నాయా చూడు. మూత్రం వాసన ఒక మంచం దగ్గర వస్తే అది అప్పుడే జరిగినది కావచ్చు. గది అంతా వస్తుంటే రోజూ అలాగే ఉందన్నమాట. ఫినాయిలు వాసన మరీ ఘాటుగా కొడుతున్నా నాకు అనుమానమే.

ఇక్కడ పెద్దవాళ్ల వైద్యానికి ప్రభుత్వం నడిపే బీమా మెడికేర్ ఉంది కదా, వాళ్లు 2008 నుంచి నర్సింగ్ హోంలకు ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు ఇస్తున్నారు. తనిఖీల్లో దొరికిన లోపాలు, సిబ్బంది సంఖ్య, ఉన్నవాళ్ల ఆరోగ్యం, ఈ మూడూ కలిపి కట్టే లెక్క అది. నల్గొండలో మనకు అలాంటి నక్షత్రాలు లేవు, కానీ అడగవలసినవి అవే. పుండ్లు ఎంతమందికి ఉన్నాయి? పోయిన నెల ఎవరైనా పడ్డారా? చేతులు మంచానికి కడతారా? గొడవ చేసేవాళ్లకు మత్తు మందు వేస్తారా? "మా దగ్గర ఎవరూ పడరు" అంటే నమ్మకు. పెద్దవాళ్లు ఉన్న చోట పడకుండా ఉండరు. పడితే ఏం చేశారో, ఇంటికి ఎప్పుడు చెప్పారో నోట్సులో రాసి ఉంచేవాళ్లే నయం.

బరువు నెలనెలా చూడాలి. నెలలో వందకు ఐదు, ఆరు నెలల్లో పది తగ్గితే ఇక్కడ దాన్ని ప్రమాదంగానే లెక్కిస్తారు. యాభై కిలోల మనిషి నెలలో రెండున్నర కిలోలు తగ్గితే ఫోనులో మనకు తెలియదు. అంకె అడిగితేనే తెలుస్తుంది.

షికాగో నుంచి, మహబూబ్‌నగర్ చెల్లెలు:

నేను ఇక్కడ నర్సును. అక్క చెప్పినవాటికి ఒకటి కలుపుతాను. తమ్ముడూ, మీది మునుగోడు వైపు అన్నావు. కృష్ణా నీళ్లు రాకముందు అక్కడ దశాబ్దాల పాటు బోరు నీళ్లే తాగారు. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ చాలామంది పెద్దవాళ్ల ఎముకల్లో చేరిపోయింది. వెన్ను కర్రలా బిగిసిపోతుంది, మెడ తిరగదు, ఎముక చూడటానికి గట్టిగా ఉన్నా పెళుసుగా ఉంటుంది. అలాంటి మనిషిని చంకల కింద చేతులు వేసి ఒక్కరే లాగి లేపితే విరగవచ్చు. అమ్మకు నడుము, మెడ పట్టేసి ఉంటే చేర్చేటప్పుడే కాగితం మీద రాయించు, ఇద్దరు కలిసి పక్కకు తిప్పాలని చెప్పు. మొదటి రోజు నువ్వే దగ్గర ఉండి చూపించు.

తిప్పడం విషయానికొస్తే, లేవలేని మనిషిని సాధారణంగా రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. పగలు ఎవరైనా చేస్తారు, తెలిసేది రాత్రే. అక్కడ రాత్రి రెండంటే వేసవిలో నీకు డాలస్‌లో మధ్యాహ్నం మూడున్నర. నువ్వు మేలుకునే ఉంటావు, కాబట్టి ఫోను చెయ్యి. ఎవరు ఎత్తారు, ఎన్నిసార్లు మోగిన తర్వాత ఎత్తారు, మీ అమ్మ ఇప్పుడు ఏ పక్కకు తిరిగి పడుకుందని అడిగితే వెళ్లి చూసి చెప్పారా, లేక ఉన్నచోటినుంచే చెప్పారా. రెండు వారాలు ఇలా చేస్తే నీకే అర్థమవుతుంది.

డాలస్ నుంచి:

అక్కలకు ఎంతో కృతజ్ఞతలు. ఒకవేళ సరిగా చూడకపోతే ఎవరికి చెప్పాలి? మహబూబ్‌నగర్ ఆశ్రమంవాళ్లు ఆరు నెలల డబ్బు ముందే కట్టమంటున్నారు.

మిర్యాలగూడ అక్క:

ఆరు నెలలు కట్టవద్దు. నెలనెలా కట్టు. తీసుకెళ్లిపోతే మిగిలింది తిరిగి ఇస్తామని రాసి ఇమ్మను. నెలవారీ ధరలో డైపర్లు, మందులు, ఆసుపత్రికి తీసుకెళ్లే బండి ఉన్నాయో లేదో అడుగు. తర్వాత బిల్లు పెరిగేది అక్కడే.

పెద్దవాళ్లకు ఇబ్బంది అయితే 14567కు ఫోను చేయవచ్చు, అది వృద్ధుల కోసం పెట్టిన సహాయ నంబరు. అక్కనూ ఆ నంబరు రాసి పెట్టుకోమను. 2007 చట్టం ఒకటి ఉంది, తల్లిదండ్రుల పోషణ గురించి ఆర్డీవో స్థాయి అధికారి విచారిస్తారు. కానీ అది పిల్లలు చూడనప్పుడు పెద్దవాళ్లు వెళ్లే దారి. నీ అవసరం వేరు.

నీకు కావలసింది వారానికోసారి చెప్పకుండా వెళ్లే మనిషి. మా నాన్నకు ఆ మనిషి చాలా ఆలస్యంగా దొరికారు. రిటైరైన బడి పంతులు, నాన్న స్నేహితుడు. ఆయన ప్రతి బుధవారం భోజనం వేళకు వెళ్లి, నాన్నతో కలిసి పచ్చిపులుసు అన్నం తిని, మడమలు చూసి నాకు ఫోను చేసేవారు. ఆయన వెళ్లడం మొదలుపెట్టాక పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. డబ్బు తీసుకోమంటే కోప్పడ్డారు. అందుకే మహబూబ్‌నగర్ ఆశ్రమం ఎంత బాగున్నా, మీ వాళ్లెవరూ అటు వెళ్లలేకపోతే నేనైతే నల్గొండలోనే మంచాన పడ్డవాళ్లను చూసే చోటు వెతుకుతాను. అక్క కోలుకున్నాక ఆటోలో వెళ్లి రాగలిగేంత దగ్గరలో ఉండాలి.

వెళ్లిన రోజే మంచం ఎటువైపు వేస్తారో చూడు. అమ్మకు ఎడమ చెయ్యే పనిచేస్తుంది కదా. గ్లాసు, గంట, దువ్వెన అన్నీ ఎడమ వైపు పెట్టించు. గోడ ఎడమకు వస్తే మంచం తిప్పించేదాకా అక్కడినుంచి కదలకు.