యూపీఎస్ ఉన్నా గేమ్‌లో కరెంటు పోతే పీసీ ఆగిపోతోంది, క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది

గజపతి_గేమర్
అందరికీ నమస్తే. మాది పర్లాకిమిడి. గత నెలలో అసెంబుల్ చేయించిన పీసీ: రైజెన్ 5 5600, బీ450 బోర్డు, 8 జీబీ 3200 ర్యామ్‌లు రెండు, ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై). యూపీఎస్ మాత్రం పాతదే, 600 వీఏ, మూడేళ్లయింది. బ్రౌజింగ్‌లో ఉండగా కరెంటు పోతే నాలుగైదు నిమిషాలు లాగుతుంది. గేమ్‌లో ఉండగా పోతే యూపీఎస్ ఒక్కసారి కుయ్యిమని సిస్టమ్ ఠక్కున ఆగిపోతోంది. సాయంత్రం ఏడు దాటితే వోల్టేజి కూడా బాగా పడిపోతుంది. ఇంకోటి, చెప్పులు లేకుండా క్యాబినెట్ వెనక స్క్రూ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోంది. షాపాయన ఎస్‌ఎంపీఎస్ మార్చి 750 వాట్లది వేయమంటున్నాడు. తెలిసినాయన స్టెబిలైజర్ పెట్టమంటున్నాడు. టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ 2400 అని చూపిస్తోంది, అదీ దీనివల్లేనా? ముందు ఏది కొనాలి?

తనయ_గట్టు
ముందు ఏదీ కొనకండి. మీరు చెప్పినవి మూడు వేరువేరు తేడాలు, ఒకదానితో ఒకటి సంబంధం లేదు. ఎస్‌ఎంపీఎస్ మీద 550 అని రాసి ఉంటే అది ఎంత ఇవ్వగలదో చెప్పే అంకె. యూపీఎస్ మీద పడేది మీ సిస్టమ్ నిజంగా లాగేది మాత్రమే. 750ది వేసినా యూపీఎస్ మీద బరువు అంతే ఉంటుంది.

లెక్క చూడండి. కార్డు 132 వాట్లు. ప్రాసెసర్ గరిష్ఠంగా 76, గేముల్లో 60 దగ్గర. బోర్డు, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ కలిపి 40 అనుకోండి. మొత్తం 230 చిల్లర. ఎస్‌ఎంపీఎస్‌లో పోయేది పోగా గోడ దగ్గర 270 అవుతుంది, మానిటర్‌తో 300. 600 వీఏ యూపీఎస్ అంటే మామూలుగా 360 వాట్లు. సరిపోయింది కదా అనిపిస్తుంది, కానీ లోపల ఉండేది ఒకే ఒక్క 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ. 300 వాట్లు బయటికి రావాలంటే దానిలోంచి 30 ఆంపియర్లకు పైనే లాగాలి. కొత్తదైనా నిమిషాల లెక్కే, మూడేళ్లదైతే వోల్టేజి ఒక్కసారిగా కుంగిపోయి యూపీఎస్ చేతులెత్తేస్తుంది. బ్రౌజింగ్‌లో లోడు వంద లోపే ఉంటుంది కాబట్టి అప్పుడు నడుస్తోంది.

రూఢి చేసుకోవాలంటే పీసీ తీసేసి, యూపీఎస్‌కి 100 వాట్ల పాతకాలం బల్బు ఒకటి తగిలించండి (ఎల్‌ఈడీ వద్దు), గోడ స్విచ్ ఆపండి. ప్లగ్గు పీకొద్దు. మన స్విచ్ ఫేజునే ఆపుతుంది, ఎర్త్ తగిలే ఉంటుంది. ప్లగ్గు పీకితే అదీ పోతుంది. బ్యాటరీ బాగుంటే బల్బు 15 నిమిషాలు దాటి వెలగాలి. ఐదు నిమిషాల్లో ఆరిపోతే బ్యాటరీ అయిపోయినట్టే.

బరంపురం_బోర్డులు
పైన చెప్పింది నిజమే గానీ బ్యాటరీ మార్చితే పని అయిపోతుందని అనుకోకండి. బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్‌లలో దాదాపు అన్నిటికీ యాక్టివ్ పీఎఫ్‌సీ ఉంటుంది, అంటే లాగే కరెంటును వోల్టేజి వేవ్‌కి తగ్గట్టు మలిచే సర్క్యూట్. చవక యూపీఎస్ బ్యాటరీ మీద ఇచ్చే కరెంటు సైన్ వేవ్ కాదు, మెట్లు మెట్లుగా ఉండే వేవ్. మెట్టుకీ మెట్టుకీ మధ్య వోల్టేజి కాసేపు సున్నా దగ్గరే నిలబడుతుంది. పీఎఫ్‌సీ సర్క్యూట్ దాన్ని కరెంటు పోయినట్టే లెక్కేసి, తిరిగి రాగానే ఒక్కసారి బలంగా లాగుతుంది. ఆ లాగుడికి యూపీఎస్ ఓవర్‌లోడ్ అని ఆగిపోతుంది. బల్బు టెస్టులో బ్యాటరీ నెగ్గి, గేమ్‌లో మాత్రం ఠక్కున ఆగిపోతే తప్పు ఇక్కడే.

ఒక్క రూపాయి పెట్టకుండా చూడాలంటే రేడియాన్ సాఫ్ట్‌వేర్‌లో గేమ్ ఫ్రేములు సెకనుకి 60 దాటకుండా కట్టేయండి. కార్డు లాగేది చాలా తగ్గుతుంది. అప్పుడు కరెంటు పోయినా సిస్టమ్ నిలబడితే బరువు సమస్య. అయినా ఆగిపోతే వేవ్ సమస్య అనుకోవచ్చు.

స్టెబిలైజర్ అనవసరం. ఎస్‌ఎంపీఎస్ పక్కనున్న స్టిక్కర్ చదవండి. ఇన్‌పుట్ 100–240 అని ఉంటే సాయంత్రం 170 వచ్చినా దానికి ఇబ్బంది లేదు, కాస్త ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది అంతే. 200–240 అని ఉంటేనే ఆలోచించాలి. అప్పుడు కూడా లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్‌లో ఉండే ఏవీఆరే (వోల్టేజిని సరిచేసే భాగం) ఆ పని చేస్తుంది.

ర్యామ్ సంగతి: బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు, కొన్ని బోర్డుల్లో డీఓసీపీ అంటారు), 3200 వస్తుంది. నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోదిలో పెట్టారో లేదో చూసుకోండి.

తనయ_గట్టు
జిల్లుమనేదాని గురించి చెప్పడం మరిచాను, అసలు భయపడాల్సింది దానికే. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉంటే వాటిలోంచి వచ్చే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే బాడీ సగం వోల్టేజి మీద తేలుతుంది. ఎస్‌ఎంపీఎస్ పాడైనట్టు కాదు, ఏ కంపెనీది వేసినా ఇలాగే జిల్లుమంటుంది. కానీ రేపు లోపల ఫేజు తీగ నిజంగా బాడీకి తగిలిందనుకోండి, ఫ్యూజు కాలదు, మీకే తగులుతుంది. ఇంకో నష్టం: ఆ స్థితిలో కేబుల్ కనెక్షన్ ఉన్న టీవీకి హెచ్‌డీఎంఐ తగిలిస్తే నిప్పురవ్వ లేచి పోర్టు పోవచ్చు.

మల్టీమీటర్‌ని ఏసీ 750 లేదా 600 మీద పెట్టండి. ప్రోబుల లోహం వేళ్లకి తగలకూడదు. సాకెట్‌కి ఎదురుగా నిలబడితే పైన పెద్ద రంధ్రం ఎర్త్, కుడి ఫేజు, ఎడమ న్యూట్రల్. ఫేజు–న్యూట్రల్, ఫేజు–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్ మూడూ చూసి ఇక్కడ రాయండి. పీసీ ప్లగ్గు ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులోనూ, హాల్లో ఫ్రిజ్ సాకెట్‌లోనూ.

గజపతి_గేమర్
చూశాను. ఎక్స్‌టెన్షన్ బోర్డులో 208, 105, 102. గోడ సాకెట్‌లో, అంటే ఆ బోర్డు తగిలించినదాంట్లోనూ అంతే. ఫ్రిజ్ దగ్గర 208, 207, 1.5. బల్బు మూడు నిమిషాలకే ఆరిపోయింది. కరెంటు మేస్త్రీని పిలిస్తే సాకెట్‌లోనే న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ ఒక ముక్క తీగ వేస్తే జిల్లుమనడం ఆగిపోతుంది అంటున్నాడు. వేయించేయమంటారా?

తనయ_గట్టు
వద్దు, వద్దు. ఆగిపోతుంది, నిజమే. కానీ ఎక్కడో న్యూట్రల్ తెగిన రోజున ఆ ముక్క తీగ మీదుగా 230 వోల్టులూ మీ క్యాబినెట్ మీదికి వస్తాయి. నీళ్ల పైపుకి కట్టించడం కూడా అదే బాపతు.

మీ రీడింగులు చాలా స్పష్టంగా ఉన్నాయి. ఫ్రిజ్ దగ్గర ఎర్త్ ఉన్నట్టే కనిపిస్తోంది, అంటే ఇంటి ఎర్త్ గుంట బాగానే ఉండొచ్చు. మీ గదికి వచ్చే తీగే లేదు, లేదా మధ్యలో ఊడింది. మెయిన్ ఆపి, మొదట మీ గది స్విచ్ బోర్డు విప్పి ఆకుపచ్చ తీగ ఉందో లేదో చూడమనండి. ఉంటే స్క్రూ బిగిస్తే చాలు. లేకపోతే హాలు బోర్డులోని ఎర్త్ నుంచి అదే పైపులోంచి 1.5 చదరపు మిల్లీమీటర్ల ఆకుపచ్చ తీగ లాగాలి. తర్వాత మళ్లీ కొలవండి. న్యూట్రల్–ఎర్త్ రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా ఓసారి విప్పి చూడండి. మూడు రంధ్రాలున్నా లోపల రెండు తీగలే ఉండే సరుకు సంతలో బోలెడు దొరుకుతుంది. పనిలో పనిగా 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) లేకపోతే పెట్టించండి.

జీడితోట
ఇంట్లో ఇన్వర్టర్ ఉందా? 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీతో సైన్ వేవ్‌ది ఉంటే కొత్త యూపీఎస్ ఎందుకు దండగ? వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, అది వేయండి, పీసీ రీస్టార్ట్ అవ్వదు.

బరంపురం_బోర్డులు
వేయొచ్చు, కానీ వీళ్ల ఊళ్లో సాయంత్రం వోల్టేజి సంగతి మరిచారు. యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ 180 కిందకి దిగితే చాలు, బ్యాటరీ మీదికి దూకేస్తుంది. రోజూ ఏడు నుంచి తొమ్మిది దాకా కరెంటు ఉండగానే బ్యాటరీ అరిగిపోతుంది. మామూలు మోడ్‌లో పెడితే తక్కువ వోల్టేజిని ఓర్చుకుంటుంది గానీ మారడానికి 40 మిల్లీసెకన్ల దాకా పట్టొచ్చు. ఎస్‌ఎంపీఎస్ నిండు లోడు మీద 16 మిల్లీసెకన్ల దాకే ఊపిరి బిగబట్టగలదు. అందుకే ఇన్వర్టర్ మామూలు మోడ్‌లో, దాని వెనక చిన్న యూపీఎస్ పెట్టుకుంటారు చాలామంది.

గజపతి గారూ, మీకు బ్యాటరీ మాత్రం కచ్చితంగా పోయింది. దాన్ని మార్చి, ఫ్రేములు 60కి కట్టి చూడండి. అదే 12 వోల్టులు 7 ఏహెచ్, పాతది తీసేటప్పుడు ఎరుపు, నలుపు తీగలు ఫోటో తీసుకోండి. అప్పుడూ ఆగిపోతే 1000 వీఏ, 600 వాట్లది, ప్యూర్ సైన్ వేవ్ అని బ్యాటరీ మోడ్ అవుట్‌పుట్ దగ్గర రాసినది తీసుకోండి. సిమ్యులేటెడ్ సైన్ వేవ్ అని ఉంటే అది మెట్ల వేవే, పేరే వేరు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోవడం మరవకండి. ఈ లోపు ఉరుముల వాన వస్తే పవర్ ప్లగ్గుతో పాటు మేడ మీదుగా వచ్చే ల్యాన్ తీగ కూడా పీకేయండి, బోర్డులు ఎక్కువగా పోయేది ఆ దారినే.

గజపతి_గేమర్
సాకెట్ విప్పించాను. ఆకుపచ్చ తీగ ఉంది, టేపు చుట్టి మూలకి తోసేశారు! బిగించాక న్యూట్రల్–ఎర్త్ 1.8. స్క్రూ ముట్టుకున్నాను, ఏమీ లేదు. ర్యామ్ కూడా 3200 వచ్చింది. బ్యాటరీ రేపు తెస్తాను.