కిటికీ అద్దాలకు ఇంట్లో కలుపుకున్న ద్రావణం చాలునా, కొన్న సీసాయే మేలా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

మా మనవడికి ఆయాసం ఉంది. అద్దాలపై చల్లే నీలిరంగు ద్రవం వాసన తగిలితే చాలు వాడికి దగ్గు మొదలవుతోందని మా కోడలు ఆ సీసాను ఇంట్లోకి రానివ్వడం మానేసింది. దానికి బదులుగా వెనిగర్, వంటసోడా, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు ద్రవం బోరు నీటిలో కలిపి, పాత పంచె ముక్కతో కిటికీలు తుడుస్తున్నాము. తడి ఉన్నంతసేపు అద్దం మెరుస్తుంది. ఆరిన తరువాత చూస్తే బియ్యం కడిగిన నీళ్లు చిలకరించినట్టు తెల్లని పొర కనిపిస్తుంది. వంటింటి సామానుతో అద్దాలు తుడవడం పిచ్చి పని అని మా బావమరిది తేల్చేశాడు. దోషం మా మిశ్రమానిదా, చేతులదా, లేక ఇంటి ద్రావణాలపై మేము పెట్టుకున్న నమ్మకానిదా అన్నది అనుభవజ్ఞులు చెప్పాలని కోరుతున్నాను.

విశ్రాంత రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు (విజయనగరం):

దోషం ముందుగా మిశ్రమానిదేనండీ. బజారులో దొరికే వెనిగర్‌లో సాధారణంగా 4 నుంచి 5 శాతం అసిటిక్ ఆమ్లం ఉంటుంది; వంటసోడాది క్షారగుణం. రెండూ కలిసినప్పుడు బుసబుసమని పొంగే నురగను చూసి అది మురికిని తినేస్తోందని చాలామంది భావిస్తారు గాని, ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్ వాయువు బయటికి పోవడం మాత్రమే. చివరికి మీ చేతిలో మిగిలేది సోడియం అసిటేట్ అనే లవణం కలిసిన నీరు. ఒకదాని బలాన్ని మరొకటి హరించిన తరువాత ఆ లవణమూ, బోరు నీటిలో ముందే ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలూ కలిసి అద్దం మీద ఆరి తెల్లబడుతున్నాయి.

వంటసోడాను పూర్తిగా మానండి. వెనిగర్‌నూ నీటినీ సమపాళ్లలో కలిపి, గట్టి నీటి (ఇలాంటి లవణాలు ఎక్కువగా ఉన్న నీటి) మరకలున్న చోట మాత్రమే అద్ది, కొద్ది నిమిషాలు నాననిచ్చి తుడవండి. ఆ మరకల్లో ఎక్కువగా ఉండే కాల్షియం కార్బొనేట్‌ను ఆమ్లం కరిగిస్తుంది. వెల్ల వేసినప్పుడు అద్దం మీద పడి ఎండిన సున్నపు చుక్కలకూ ఇదే మార్గం. నిమ్మరసంలోనూ ఆమ్లం ఉన్నప్పటికీ, అందులోని చక్కెర, గుజ్జు అద్దం మీద జిగటగా మిగులుతాయి కాబట్టి దానిని పులిహోరకు వదిలేయడమే మంచిది.

పలాస వాసి:

మాస్టారు చెప్పినది గట్టి నీటి మరక వరకు నిజమే కాని, మా ఇంటి కథ వేరు. జీడిపిక్కల బట్టీలకు దగ్గరగా ఉన్నందున మా అద్దాల మీద చేరేది లవణం కాదు, నూనె కలిసిన మసి. దాని మీద వెనిగర్ మూడుసార్లు ప్రయోగించగా, మసి ఒక మూల నుంచి ఇంకొక మూలకు పాకిందే తప్ప వదలలేదు. బకెట్టు గోరువెచ్చని నీటిలో ఒక చెంచా గిన్నెల సబ్బు ద్రవం కలిపి తుడిచి, రెండుసార్లు మంచినీటితో కడిగి, వైపర్‌తో లాగితే గాని అద్దం తేటపడలేదు. కుంకుడుకాయ రసం కూడా జిడ్డును వదిలిస్తుంది కాని, అది గోధుమరంగు ఛాయను మిగులుస్తుంది కాబట్టి మరోసారి కడగక తప్పదు. ఇంటి ద్రావణం అనగానే అందరూ వెనిగర్ సీసా వైపే చూడటం నాకు విచిత్రంగా ఉంది.

కళింగపట్నం నుంచి:

సముద్రపు గాలి తెచ్చే ఉప్పుకు ఇవేవీ అక్కరలేదు. 100 మిల్లీలీటర్ల నీటిలో సుమారు 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది; అద్దం మీద ఉండే పొరకు ఒక చెంబెడు నీళ్లు ధారాళం. ముఖ్యమైనది ఏమిటంటే, పొడిగా రుద్దకూడదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వెలిసిన మరునాడు, ఉప్పుతో పాటు ఇసుక కూడా అంటుకుని ఉన్నదని గమనించక, నేను పాత వార్తాపత్రికను ఉండగా చుట్టి గట్టిగా తోమాను. ఆ గీతలు ఈనాటికీ ఉదయపు ఎండలో లెక్కపెట్టవచ్చు.

బొబ్బిలి సభ్యుడు:

నేను ఆ బావమరిది పక్షమే. కొన్న సీసాలోనూ ఎక్కువ భాగం నీరే. దానికి కొంచెం త్వరగా ఆవిరయ్యే ద్రావకమూ, డిటర్జెంటూ చేరుస్తారు. ఆ ద్రావకం ఆవిరైపోతుంది కాబట్టి చారలు మిగలవు. ఇకపోతే "విషరహితం" అన్న మాట మనుషుల్లో అజాగ్రత్తను పెంచుతుందని నా అభియోగం. వెనిగర్ వంటిల్లు దాటి స్నానాల గదిలోకి వెళ్లి బ్లీచింగ్‌తో కలిసిందంటే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది మీ మనవడికే కాదు, ఆరోగ్యంగా ఉన్నవారికీ ప్రమాదమే. పైగా ఇళ్లలో కలిపిన ద్రవాన్ని పాత కూల్‌డ్రింకు సీసాలో పోసి, పేరు కూడా రాయకుండా గూట్లో పెడతారు. పిల్లవాడు దాహమేసి ఎత్తితే ఎవరిది పూచీ? మొజాయిక్, పాలరాయి గట్ల మీద ఆ ఆమ్లం పడితే మెరుగు పోతుందన్న సంగతి కూడా ఎవరూ ప్రస్తావించలేదు.

విశ్రాంత రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు (విజయనగరం):

బ్లీచింగ్ గురించి, పేరు లేని సీసా గురించి మీరన్నది అక్షరాలా ఒప్పుకుంటున్నాను. రాయి సంగతి నేనే ముందు చెప్పవలసింది. అయితే ఆయాసం ఉన్న పిల్లవాడి విషయంలో సీసా ఎక్కడిదన్న దానికన్నా, అందులోని ద్రవాన్ని ఎలా వాడుతున్నామన్నది పెద్ద ప్రశ్న. ఏ ద్రవాన్నైనా తుంపరగా గాలిలో చల్లితే అది ఊపిరిలోకి చేరుతుంది. వెనిగర్ ఘాటు కూడా ఇందుకు మినహాయింపు కాదు. గుడ్డను తడిపి తుడవండి, పిల్లవాడు ఇంట్లో లేని వేళ చూసుకోండి, ఎదురెదురు తలుపులు తెరిచి ఉంచండి. ఇంకొక మాట: బోరు నీటికి బదులుగా ఏసీ గొట్టం నుంచి కారే నీటిని పట్టి చూడండి. గాలిలోని తేమ చల్లబడి నీరైనది కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. ఆర్వో యంత్రం వదిలేసే నీటిని మాత్రం పొదుపు పేరుతో అద్దాలకు వాడవద్దు. అది బోరు నీటికన్నా గట్టిది.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

పది రోజుల తరువాత మళ్లీ రాస్తున్నాను. పడకగది కిటికీలో ఒక అద్దాన్ని బోరు నీటితో, రెండవదాన్ని ఏసీ నీటితో, మూడవదాన్ని వెనిగర్ కలిపిన ఏసీ నీటితో, ఎండ తగలని వేళ చూసి తుడిచాము. మొదటిదాని మీద మళ్లీ చారలు వచ్చాయి. మిగిలిన రెండింటికీ తేడా మా కోడలి కంటికే ఆనలేదు. ట్యాంకు పొంగి నీళ్లు చిందే హాలు కిటికీకి మాత్రం వెనిగర్ లేకుండా పని జరగలేదు. వంటింటి కిటికీకి పలాస వారి సబ్బు నీళ్లే ఖాయం చేసుకున్నాము. బావమరిది పండుగకు వచ్చి అద్దాలు చూసి ఏమీ అనలేదు గాని, వెళ్లేటప్పుడు ఒక నీలిరంగు సీసా బల్ల మీద పెట్టి వెళ్లాడు. కోడలు దానిని తెరవకుండానే ఆయన సంచిలో తిరిగి పంపించింది.

బొబ్బిలి వారి మాట విని, కిటికీ గట్టు మీద పాత తువ్వాలు పరిచిన తరువాతే వెనిగర్ తీస్తున్నాము. కిందటి నెలలో మొజాయిక్ మీద పడిన రెండు మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి.