మింగడానికి ఇబ్బంది పడేవారికి ఆక్యుపేషనల్ థెరపిస్టు అవసరమా?

పీలేరు కోడలు:
పక్షవాతం వచ్చిన మా మామగారికి ముక్కు గొట్టం తీసివేసిన తర్వాత స్పీచ్ థెరపిస్టు పరీక్షించి, చిక్కని జావ, మెత్తని అన్నం నోటితో ఇవ్వవచ్చని చెప్పారు. ఇప్పుడు తిరుపతిలో ఆక్యుపేషనల్ థెరపిస్టును కూడా కలవమంటున్నారు. చేతికి సాధన చేయించేవారికి మింగడంతో ఏమి సంబంధం? కారు మాట్లాడుకొని మళ్లీ వెళ్లివచ్చేంత ప్రయోజనం ఉంటుందా?

చిత్తూరు విశ్రాంత ఉపాధ్యాయుడు:
అమ్మా, నా అభిప్రాయంలో అవసరం లేదు. మాట, మింగుడు రెండూ స్పీచ్ థెరపీ చదువులో భాగమే. వారు 1992 నాటి పునరావాస మండలి చట్టం కిందికి వస్తారు, ఆక్యుపేషనల్ థెరపీ 2021లో వచ్చిన వేరొక చట్టం కిందికి వస్తుంది. ఇద్దరి చుట్టూ తిరిగితే ఇద్దరూ రెండు మాటలు చెబుతారు, నలిగేది ఇంట్లో అన్నం పెట్టేవారు. మా అన్నగారికి ఇలాగే అయినప్పుడు సంగటిని మెత్తగా కెలికి, పప్పుచారులో ముంచి చిన్న ముద్దలుగా పెట్టాము. ఒక్కసారి కూడా పొలమారలేదు. పళ్లతో పనిలేని తిండి అంతకంటే ఏముంది?

ఆక్యుపేషనల్ థెరపిస్టు, తిరుపతి:
మాస్టారూ, మీ మాటలో సగం ఒప్పుకుంటాను. బేరియం కలిపిన ఆహారం మింగించి ఎక్స్‌రేలో చూసే పరీక్ష వంటి వాటిలో మన దగ్గర సాధారణంగా స్పీచ్ థెరపిస్టులే ముందుంటారు. అమెరికాలో ముద్దను నోటిదాకా తేవడం, నోట్లో కూడగట్టుకోవడం, మింగడం మూడూ మా వృత్తి పరిధిలోనివే. ఇక్కడ ఎవరు ఏది చూస్తారన్నది ఆసుపత్రిని బట్టి మారుతుంది.

సంగటి సంగతి మాత్రం ఒప్పుకోలేను. గొంతులో స్పర్శ తగ్గినవారికి ఆహారం శ్వాసనాళంలోకి జారినా దగ్గు రాకపోవచ్చు, తర్వాత జ్వరంతో, ఆయాసంతో న్యుమోనియాగా బయటపడవచ్చు. పైగా సంగటిని మనం నమలము, ముద్దగా మింగుతాము. నాలుకలో బలం తగ్గినవారికి ఆ జిగట ముద్ద అంగిలికో గొంతుకో అంటుకుంటుంది. అదే పిండిని జావ కాస్తే చిక్కదనాన్ని కొలవవచ్చు. సున్నా నుంచి 10 మి.లీ. గీత దాకా పొడవు 61.5 మి.మీ. ఉన్న సిరంజిలో 10 మి.లీ. పోసి 10 సెకన్లు కారనిచ్చిన తర్వాత 4 నుంచి 8 మి.లీ. మిగిలితే అంతర్జాతీయ కొలమానంలో రెండవ స్థాయి, కొద్దిగానైనా కారి 8 కంటే ఎక్కువ మిగిలితే మూడవ స్థాయి. జావ చల్లారేకొద్దీ చిక్కబడుతుంది గనుక తాగించే వేడిలోనే కొలవాలి.

ఇక మా పని. మీ మామగారు ఎడమచేతితో తింటున్నారా, పళ్లెంలో ఒక పక్కన ఉన్న అన్నాన్ని గమనించకుండా వదిలేస్తున్నారా, పడిపోయిన వైపు బుగ్గలో మెతుకులు నిలిచిపోతున్నాయా అన్నవి తినేటప్పుడు పక్కన కూర్చుంటేనే తెలుస్తాయి. మోచేయి బల్లమీద ఆనేలా, పాదాలు నేలకు తగిలేలా కూర్చోబెట్టడం, లావు పిడి చెంచా ఇవ్వడం, పళ్లెం జారకుండా కింద తడిబట్ట వేయడం చిన్న విషయాలుగా కనిపిస్తాయి, కాని చేయి అలసిపోతే తల వాలి, మింగే క్రమమే చెడుతుంది. మనవాళ్లు తల వెనక్కి వాల్చి చెంబు ఎత్తి నీళ్లు పోసుకుంటారు, మింగే చర్య మొదలుకాకముందే నీరు గొంతులో పడే భంగిమ అది. అందుకే ముక్కుకు తగలకుండా అంచు కోసిన గ్లాసు ఇస్తాము. గడ్డం దించి మింగడం కూడా అందరికీ సరిపడదు, పరీక్ష చూసే చెప్పాలి. చూడవచ్చినవారు ప్రేమతో నోట్లో పెట్టే తిరుమల లడ్డూను, అందులోని జీడిపప్పు, కలకండ దృష్ట్యా, కళ్లకద్దుకోవడంతో ఆపించే అప్రియమైన బాధ్యత కూడా మాకే వస్తుంది.

చిత్తూరు విశ్రాంత ఉపాధ్యాయుడు:
సంగటి గురించి మీరు చెప్పింది ఆలోచించదగినదే. మరి మంచినీళ్లలో కూడా పొడి కలిపి చిక్కగా తాగమంటే మనిషి ఏమవ్వాలి? మా అన్నగారు ఆ నీళ్లను ముట్టనేలేదు. ఏప్రిల్ ఎండలకు నాలుక పిడచకట్టుకుపోయింది.

ఆక్యుపేషనల్ థెరపిస్టు, తిరుపతి:
అక్కడ మీ ఆక్షేపణ బలమైనదే. చిక్కని నీళ్లు శ్వాసనాళంలోకి జారడాన్ని తగ్గిస్తాయి గాని, న్యుమోనియాను తగ్గిస్తాయనడానికి గట్టి ఆధారాలు లేవు. తాగే నీటి పరిమాణం తగ్గడం మాత్రం వాస్తవం. కొందరు రోగులకు నోరు శుభ్రంగా తోమించి, భోజనాల మధ్య మామూలు నీళ్లు కొద్దికొద్దిగా ఇచ్చే పద్ధతి ఉంది. అది ఎవరికి వర్తిస్తుందో చికిత్స చేసేవారు నిర్ణయించాలి, ఇంట్లో సొంతంగా మొదలుపెట్టకూడదు.

పీలేరు కోడలు:
మామగారు చాప మీద కూర్చుంటే తప్ప అన్నం సహించదంటారు. బల్ల దగ్గర బలవంతం చేయాలా?

ఆక్యుపేషనల్ థెరపిస్టు, తిరుపతి:
బలవంతం వద్దండి. ముందు గోడకు వీపు ఆనించి, బలహీనమైన వైపు దిండు పెట్టి, ఎత్తు పీట మీద పళ్లెం ఉంచి చూడండి. అప్పటికీ ఒక పక్కకు ఒరిగిపోతుంటే కుర్చీ తప్పదు. రెండు విధాలుగానూ ఆయన తింటుండగా ఫోనులో వీడియో తీసుకొని రండి, మొదటి సందర్శనలో సగం పని దానితోనే అవుతుంది.