దృప్తిం జెందని… అది దృప్తా, తృప్తా?

కందప్రియ: దేశాల సంతోషాన్ని కొలిచే సర్వేల మీద రాస్తుంటే పోతన భాగవతంలో వామనుడు బలితో అన్న పద్యం బుర్రలో తిరుగుతోంది. "…లేశమైనఁ బదివే లనుచుం / దృప్తిం జెందని మనుజుఁడు / సప్తద్వీపముల నయినఁ జక్కంబడునే". మొదటి పాదం ఎంతకీ రావడం లేదు. పైగా దృప్తి ఏమిటి? దృప్తుడంటే గర్వి కదా.

ద్రుతం: "వ్యాప్తిం బొందక వగవక". అది తృప్తేనండీ, ‘అనుచున్’లో ద్రుతం, అంటే చివరి ‘న్’ వల్ల త కాస్తా ద అయింది, పైన ‘బదివేలు’ అయినట్టే. అసలు పేచీ ‘వ్యాప్తి’ దగ్గర. నా మటుకు నాకు అది జీడీపీ వృద్ధే. భూటాన్ 2008 రాజ్యాంగం 9వ అధికరణంలో స్థూల జాతీయ సంతోషం మాట రాసుకుంది. వాళ్ల సూచీలో 9 రంగాలు, 33 సూచికలు, ప్రతి సూచికకీ ‘ఇంత చాలు’ అనే గీత ఒకటి. గీత దాటాక ఎంత ఉన్నా స్కోరు పెరగదు. పదివేలనుచు అంటే ఇదే కదా!

పాత పాఠకుడు: కాదు. లేశం వేరు, చాలినంత వేరు. దొరికిన పిసరుతో సరిపెట్టుకొమ్మంటున్నాడు వామనుడు, భూటాన్ గీత మనిషికి కావలసినంత దగ్గర ఉంది. ఈ రెండూ కలిపేస్తే ప్రభుత్వాలకు మంచి సాకు దొరుకుతుంది. అమర్త్య సేన్ ఎప్పటినుంచో చెబుతున్నది ఇదే, లేమికి అలవాటుపడ్డవాళ్లు సర్దుకుపోయి బాగానే ఉన్నామంటారు, ఆ జవాబు పట్టుకుని వాళ్లకేం తక్కువ అనుకుంటే ఘోరం. ఇక వృద్ధే కావాలంటే పోతన దగ్గర వేరే మాట ఉంది, "ఇంతింతై వటుఁడింతయై" చివర ‘బ్రహ్మాండాంత సంవర్ధియై’ చూడండి. ఆ పద్యంలో ‘అంతై’ ‘అంతై’ అంటూ మేఘాలు, చంద్రుడు, ధ్రువుడు దాటించుకుంటూ పోయాడే, చదివిన ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది.

ద్రుతం: సంవర్ధి ఉన్నంత మాత్రాన వ్యాప్తికి ఆ అర్థం రాకూడదా మాస్టారూ? వ్యాపించిందీ ఆయనే కదా.

కందప్రియ: నాకు పనికొచ్చేది తృప్తి. బ్రిటన్ గణాంక కార్యాలయం 2011 నుంచి అడిగే నాలుగు ప్రశ్నల్లో జీవితంతో ఎంత తృప్తిగా ఉన్నారన్నది ఒకటి, నిన్న ఎంత సంతోషంగా ఉన్నారన్నది ఇంకొకటి. ఒకటి పెరిగినప్పుడు రెండోది పెరగాలని లేదు. ప్రపంచ సంతోష నివేదిక ర్యాంకులకు ఆధారం 0 నుంచి 10 మెట్ల నిచ్చెన, మీ జీవితం ఏ మెట్టు మీద ఉందని అడుగుతారు. 2018 నుంచి 2025 దాకా ఏటా ఫిన్లాండే మొదటిదంటే అక్కడ అందరూ నవ్వుతూ తిరుగుతున్నారని కాదు.

పాత పాఠకుడు: అయితే ‘చక్కంబడునే’ మీద పడాలి మీరు. బాగుపడతాడా అనే నా అర్థం. న్యూజిలాండ్ 2019లో సంక్షేమ బడ్జెట్ అని పేరు పెట్టి మానసిక ఆరోగ్యానికి, పిల్లల పేదరికానికి పెద్దపీట వేసింది, అది చక్కబరచడం. ఉత్త తృప్తి లెక్క ఎవరికి కావాలి?

ద్రుతం: నేను చదువుకున్నది ‘సప్తద్వీపములనైన’. ‘నయిన’ ఎక్కడిది?

కందప్రియ: ఆ మాట పడేది ఆరో గణంలో. అక్కడ నలమైనా (నాలుగు లఘువులు) జగణమైనా (లఘువు, గురువు, లఘువు) కందానికి సరే. ఛందస్సు తేల్చదు, తాళపత్రాలు చూసినవాళ్లెవరైనా చెప్పాలి.